కుడివైపు కుంపట్లు

జెరూషా పెక్ మనుషుల్ని బూట్లని బట్టి గుర్తుపట్టేది. బల్లకట్టు మీద గడ వేసే మనిషి తల వంచుకునే ఉండాలి కాబట్టి ఆమెకి ముందు కనబడేవి బూట్లు, మొహాలు ఆ తర్వాత. ఆ అక్టోబరు రెండో వారంలో మూడు రోజులపాటు శాసనసభ సభ్యులు నది దాటుతూనే ఉన్నారు. కొవ్వు రాసిన రైతుల బూట్లు, వెండి బిళ్ళలు పెట్టిన లాయర్ల బూట్లు, అతుకు మీద అతుకు పడ్డ పాత సైనికుల బూట్లు. గుర్రంతో సహా ఒక్కొక్కరినీ ఆమె ఆవలి గట్టు నుంచి వేర్‌ఫర్డ్ రేవుకి చేర్చింది. ఒక్కరి కాలూ తడవలేదు.

రాష్ట్రానికి ఇంకా రాజధాని అంటూ కుదరలేదు. ఇంగ్లాండు రాజుతో యుద్ధం ముగిసి పదేళ్ళు దాటినా సభ ఏటా ఒక ఊరికి తరలిపోతూనే ఉంది. ఆ ఏడు వంతు వేర్‌ఫర్డ్‌ది. సభ కూర్చునే కోర్టు హాలు ఊడ్చి, పొయ్యి రాజేసి, సాయంత్రం దాకా నిప్పు ఆరకుండా చూడటానికి ఒక మనిషి కావాలంటే ఊరి పెద్దలు జెరూషాని పెట్టారు. పొద్దున్నే రేవులో ఒక విడత పని చూసుకుని, గడ పెద్దకూతురు లోయిస్ చేతికిచ్చి, ఆమె చీపురు పట్టుకునేది.

ఆమెకి ముప్పై ఆరేళ్ళు. చదువు రెండు శీతాకాలాల బడితో సరి. అచ్చు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. పంతొమ్మిదో ఏట రేవు నడిపే ఆసా పెక్‌ని పెళ్ళాడింది. ఒక వసంతంలో ఆసా కాలు విరిగితే, పసిపిల్లని గట్టు మీద బుట్టలో పడుకోబెట్టి, ఆరు వారాలు తనే గడ వేసింది. మంచు కరిగి నది పొంగే రోజులవి. అప్పటినుంచీ ఆసా ఒక చివర, ఆమె ఒక చివర. రెండేళ్ళ కిందట ఆసా జ్వరంతో పోయాడు. మర్నాటి నుంచి రెండు చివరలూ ఆమెవే.

అయితే రేవు హక్కు ఆసా పేరున ఉంది. పదేళ్ళకి సభ ఇచ్చిన హక్కు అది, ఆ క్రిస్మస్‌తో తీరిపోతుంది. మళ్ళీ ఇవ్వాలన్నా సభే ఇవ్వాలి. దానికోసం ఆమె పెట్టుకున్న విన్నపం ఒకటి. ఎగువన రంపపు మిల్లు ఉన్న కెప్టెన్ ఎలీహూ స్ట్రాటన్ పెట్టుకున్నది ఇంకొకటి. ఆయన సభ్యుడు కూడా. చెడ్డవాడేం కాదు, గుడికి సరిగ్గా వస్తాడు, పనివాళ్ళని తిట్టడు. కలప దిగే చోటే రేవు కూడా ఉంటే తన మిల్లుకి బావుంటుందని ఆయన లెక్క. హక్కు ఆయనకి పోతే ఆమె బల్లకట్టు పొయ్యిలోకి తప్ప పనికిరాదు, ముగ్గురు ఆడపిల్లల్ని తీసుకుని కొండ మీది అన్నగారింటికి వెళ్ళిపోవాలి.

విన్నపం రాసిపెట్టింది ఒబెడ్ ఫిష్. సభ తలుపు దగ్గర నిలబడేది అతనే. ఎవర్ని లోపలికి పంపాలో, ఎవర్ని బయట ఆపాలో, సభ్యులు చాలనప్పుడు ఎవరు ఏ సత్రంలో సైడర్ తాగుతుంటారో అన్నీ అతనికి తెలుసు. పదహారేళ్ళుగా విన్నపాలు వింటున్నాడు గనక వాటి బాణీ నోటికొచ్చు. "దిక్కులేని దీనురాలైన వితంతువు" అని మొదలుపెట్టాడు.

"అది కొట్టెయ్యి, ఒబెడ్ అన్నా," అంది జెరూషా.

"అందరు వితంతువులకీ ఇలాగే రాస్తాం. వినేవాళ్ళకి జాలి పుట్టొద్దూ?"

"దిక్కులేనిదాని బల్లకట్టు ఎవరెక్కుతారు? రెండేళ్ళుగా నడుపుతోంది, ఒక్క గుర్రం పోలేదు అని రాయి."

ఒబెడ్ గొణుక్కుంటూనే కొట్టేసి, ఆమె చెప్పినట్టే రాశాడు. పెద్దాయన అమాసా బిగెలో దాన్ని సభలో పెట్టాడు. ఆవలి గట్టు ఊరి నుంచి తొమ్మిదోసారి ఎన్నికైన రైతు ఆయన. కుడి చెవి వినబడదు. అందరికీ మామే.

సభంటే దూరం నుంచి వినేవాళ్ళకి గొప్ప గొప్ప మాటలు. పొయ్యి దగ్గర నుంచి చూసేవాళ్ళకి వేరుగా ఉంటుంది. మొదటిరోజు ప్రార్థన, గవర్నరుగారి సందేశం. రెండో రోజు నుంచీ అసలు పని. తోడేలు తల తెస్తే ఎంత ఇవ్వాలి, పందుల్ని ఏ నెల నుంచి ఏ నెల దాకా ఊరి మీద వదలొచ్చు, రెండు ఊళ్ళ మధ్య సరిహద్దు పాత మేపుల్ చెట్టు దగ్గరా లేక దాని మొద్దు దగ్గరా. సైలస్ క్రమ్ అనే పీపాల పనివాడు తన పేరు మార్చమని అడిగాడు. అదే పేరున్న గుర్రాల దొంగని ఒకణ్ణి పోయినేడు కొరడాలతో కొట్టారట, ఇప్పుడు ఇతను ఏ ఊరెళ్ళినా జనం తమ గుర్రాల కళ్ళెం పట్టుకుని మరీ మాట్లాడుతున్నారు. ప్రతి విన్నపాన్నీ గుమాస్తా పైకి చదువుతాడు, ముగ్గురి కమిటీకి పంపుతారు, ఆ ముగ్గురూ సత్రంలో కూర్చుని తేల్చుకొస్తారు, మళ్ళీ చదువుతారు.

చివరికి ఓటు. గొంతుల్ని బట్టి తేలకపోతే సభాపతి అందర్నీ లేవమంటాడు. ఔనన్నవాళ్ళు కుడి గోడ వైపు, కాదన్నవాళ్ళు ఎడమ గోడ వైపు. డెబ్బై మంది లేచి నడుస్తారు. ఇద్దరు మనుషులు కర్రతో ఒక్కొక్కరి భుజం తాకుతూ లెక్కపెడతారు.

పొయ్యి ఎడమ గోడకి ఉంది.

కుడి గోడకి కిటికీలున్నాయి. అందులో ఒకదానికి రెండు అద్దాలు లేవు, వడగళ్ళకి పోయాయి. వాటిని జిల్లా వేయించాలా రాష్ట్రం వేయించాలా అన్నది ఒక కమిటీ చేతిలో ఉంది. కమిటీ తేల్చేదాకా ఆ కిటికీ ముట్టుకోవద్దని జెరూషాకి గట్టిగా చెప్పారు.

మొదటి నాలుగు రోజులూ ఎండ కాసింది. అయిదో రోజు ఉత్తరపు గాలి మొదలై నీళ్ళ బాల్చీల్లో మంచు పొర కట్టింది. ఆ సాయంత్రం ఊడుస్తుంటే ఎడమవైపు బురద గుట్టగా లేచింది. కుడి గోడ పక్కన చీపురుకి పెద్దగా ఏమీ తగల్లేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆమె చీపురు గోడకి ఆనించి, ఆ మూడు రోజుల్లో లేచి నడిచిన ఓట్లన్నీ గుర్తుచేసుకుంది. ఎగువ వంతెన కట్టాలన్న విన్నపం ఓడిపోయింది. ఎలుగుబంటి తలకి బహుమానం పోయింది. సైలస్ క్రమ్ పేరు పోయింది, పాపం, అంతకుముందు రోజు కమిటీలో ముగ్గురూ సరేనన్నారు. ఎండ ఉన్న నాలుగు రోజుల్లో మాత్రం అడిగినవన్నీ దాటాయి.

తలుపు దగ్గర ఒబెడ్‌కి ఈ మాట చెబితే అతను కడుపు పట్టుకుని నవ్వాడు. రాష్ట్రంలో ఎన్నుకుని పంపిన పెద్దమనుషులు కాళ్ళు చల్లబడి ఓటేస్తారా, ఎవరైనా వింటే నీ చీపురు లాక్కుంటారు అన్నాడు. తర్వాత వేళ్ళ మీద తనూ ఒకసారి లెక్క చూసుకున్నాడు. నవ్వడం మానేశాడు.

"వాళ్ళకి తెలిసే చేస్తున్నారంటావా?" అని అడిగాడు.

"తెలియదు. అడిగితే మనస్సాక్షి అంటారు. అబద్ధం కూడా కాదు. మనస్సాక్షిని మోసుకుని తిరిగేవి కాళ్ళే కదా."

మంగళవారం ఆమె విన్నపం కమిటీ నుంచి వచ్చింది. ఇద్దరు ఇవ్వమన్నారు, ఒకరు వద్దన్నారు. ఓటు శుక్రవారం. బుధవారం మంచు పడింది. కెప్టెన్ స్ట్రాటన్ వాదం హాలంతటికీ తెలుసు. వసంతంలో నది పొంగితే ఆడమనిషి గడ నిలవదు, ఏదైనా జరిగితే సభ జవాబు చెప్పుకోవాలి. ఆ వాదానికి జెరూషా భయపడలేదు. సగంమంది సభ్యుల్ని తన చేతులతో దాటించింది, వాళ్ళకి తెలుసు. నా బల్లకట్టు గురించి ఆలోచించి కాదంటే కాదనిపించుకుంటాను, ఆ కిటికీ గురించి ఆలోచించి కాదంటే ఊరుకోను అనుకుంది.

గురువారం మధ్యాహ్నం సభ కమిటీల కోసం తొందరగా లేచింది. జెరూషా తోపుడుబండి తీసుకుని వేర్‌ఫర్డ్ ఇళ్ళన్నీ తిరిగింది. పొయ్యి లేని గుడిలో ఆదివారం ఉదయమంతా కూర్చోవడానికి ప్రతి ఇల్లాలి దగ్గరా ఒక కాళ్ళ కుంపటి ఉంటుంది. చెక్క చట్రం, లోపల చిల్లుల రేకు పెట్టె, దానిలో నిప్పులు, గౌను అంచు పైన. వాటిని ఒక్క పూటకి అడిగింది. ఎందుకో కూడా దాచకుండా చెప్పింది. పాస్టరుగారి భార్య తన రెండూ ఇచ్చేసింది.

"మా ఆయన మూడు గంటల ప్రసంగం చివరిదాకా ఆరకుండా నిలిచిన నిప్పు ఇది, జెరూషా. మీవాళ్ళ ఒక్క ఓటుకి సరిపోదూ?" అంది.

చీకటి పడేలోపు ఇరవై ఆరు కుంపట్లు పోగయ్యాయి. మీ పేర్లు ఎవరికీ చెప్పనులే అని జెరూషా అంటే, చెప్పినా మాకేం పోతుంది, ఓటు లేనివాళ్ళం అన్నారు ఆడవాళ్ళు.

శుక్రవారం పొద్దున్న లోయిస్‌ని రేవులో ఉంచి, ఆమె కోర్టు పొయ్యిలోని నిప్పులే పారతో తీసి కుంపట్లలో నింపింది. కుడి గోడ పొడవునా, బెంచీల కింద, కిటికీ కింద వరసగా పెట్టింది. పగిలిన అద్దాల జోలికి పోలేదు. పొయ్యి ఎప్పటిలాగే నిండుగా మండుతోంది, అందులో ఒక్క కట్టె తగ్గించలేదు.

సభ్యులు వచ్చారు. కుడివైపు బెంచీల వాళ్ళు కూర్చుని, కిందకి చూసి, బూట్లు చాపుకున్నారు. పందుల చట్టం మూడోసారి చదివారు. తర్వాత గుమాస్తా వేర్‌ఫర్డ్ రేవు అని చదవగానే కెప్టెన్ స్ట్రాటన్ లేచాడు.

"అధ్యక్షా, ఓటుకి ముందు ఒక మాట. ఈ కుంపట్లు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? విన్నపం పెట్టుకున్న మనిషే సభ్యుల కాళ్ళు కాస్తుంటే దాన్నేమనాలి?"

హాల్లో అలజడి రేగింది. కొందరు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. సభాపతి ఒబెడ్ వైపు చూశాడు. కుంపట్లు ఎక్కడ పెట్టాలో, పెట్టకూడదో సభ నియమాల్లో ఎక్కడా లేదని ఒబెడ్ నెమ్మదిగా విన్నవించుకున్నాడు. అప్పుడు అమాసా మామ, వినబడే చెవి ముందుకి తిప్పి, ఆ అమ్మాయినే అడిగితే పోలేదా అన్నాడు. సభాపతి తల ఊపాడు.

జెరూషా తలుపు దగ్గరి అడ్డకర్ర వరకూ వచ్చి నిలబడింది. చేతిలో పార అలాగే ఉంది.

"అయ్యా, ఈ హాలు వెచ్చగా ఉంచడానికి నన్ను పెట్టారు. చలి మొదలైన ఈ ఆరు రోజులుగా సగమే వెచ్చగా ఉంచాను. అది నా తప్పు. అయిదో రోజు నుంచి ఈ కుడి గోడ పక్కన నేను ఊడ్చే పనే పడలేదు, అంత శుభ్రంగా ఉంది. లేచి నడిచిన ఓట్లలో ఒక్కటి కూడా ఇటు గెలవలేదు. కావాలంటే గుమాస్తాగారి పుస్తకం చూడండి."

గుమాస్తా నిజంగానే పేజీలు తిప్పాడు. తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. సభాపతి వంగి ఆ పేజీ చూశాడు.

"అయితే కుంపట్లు తీసేస్తే సరిపోతుంది," అన్నాడు స్ట్రాటన్.

"తీసేస్తాను, కెప్టెన్‌గారూ. దాంతోపాటు పొయ్యి కూడా ఆర్పేస్తాను. రెండువైపులా ఒకే వేడి, లేదా రెండువైపులా ఒకే చలి. ఏది చెయ్యమన్నా నాకు సమ్మతమే."

పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు ఒకేసారి గొంతు సవరించుకున్నారు. ఎవరో ఫక్కున నవ్వారు, ఆ నవ్వు బెంచీల మీదుగా పాకింది. స్ట్రాటన్ కూడా పెదవి బిగబట్టుకోవాల్సి వచ్చింది. కుంపట్లు ఉండనివ్వండి, సభ్యులు ఓటుకి లేవండి అన్నాడు సభాపతి.

డెబ్బై మంది లేచారు. జెరూషా మొహాల వైపు చూడలేదు, బూట్లే చూసింది. కొవ్వు రాసిన బూట్లు ముందు కుడివైపు కదిలాయి. వెండి బిళ్ళలు కొన్ని ఎడమకి, కొన్ని కుడికి. పొయ్యి పక్కన ఆరు రోజులుగా కదలని ఒక జత, మడమ దగ్గర అతుకు పడ్డది, కాసేపు ఆగి, హాలంతా అడ్డంగా నడిచి కిటికీ కిందకి చేరింది. ఆ జతని ఆమె ఆ నెల తొమ్మిదో తేదీన, గాలివానలో, బెదిరిన గుర్రంతో సహా దాటించింది. కర్ర పట్టినవాళ్ళు లెక్క చెప్పారు. కుడివైపు నలభై నాలుగు. ఎడమవైపు ఇరవై ఆరు. సభాపతి ఓటు వెయ్యలేదు.

జెరూషా పార కింద పెట్టి, పొయ్యిలో ఇంకో కట్టె వేసింది.

మధ్యాహ్నం ఒక సభ్యుడు లేచి, సైలస్ క్రమ్ విన్నపం మళ్ళీ చదివించమని అడిగాడు. ఆరోజు తను ఎటు నిలబడ్డదీ తనకే సరిగ్గా గుర్తులేదన్నాడు. ఈసారి గొంతులతోనే ఔనని తేలిపోయింది. వంతెన కూడా తిరిగి కమిటీకి వెళ్ళింది. కిటికీ అద్దాల కమిటీ మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

సభ ముగిసి వెళ్ళిపోయేనాడు సన్నటి మంచు పడుతోంది. రేవులో జెరూషా ఉంది. ఆఖరి విడతలో కెప్టెన్ స్ట్రాటన్ గుర్రంతో దిగాడు. గుర్రాన్ని కట్టి, ఆమె వైపు చూడకుండా ఒక అంచున నిలబడ్డాడు. జెరూషా నది మధ్యదాకా గడ వేసింది. అక్కడ సుడి తగిలి బల్లకట్టు ఒక పక్కకి ఒరిగింది.

"కెప్టెన్‌గారూ, మీ గుర్రం బరువు, మీ బరువు ఒకే పక్కనున్నాయి. కొంచెం కుడివైపుకి రండి," అంది జెరూషా, గడ మీంచి తల ఎత్తకుండా.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత జరిగాడు. బల్లకట్టు సమంగా నిలబడింది. అక్కడ, ఆయన కాళ్ళ దగ్గర, పాస్టరుగారి భార్యకి ఇంకా తిరిగివ్వని కుంపటి ఒకటి ఉంది, దానిలో నిప్పులున్నాయి. స్ట్రాటన్ దాన్ని చూశాడు, నదిని చూశాడు, చివరికి బూట్లు రెండూ దాని మీద పెట్టుకున్నాడు.

"వసంతంలో పొంగినప్పుడు కూడా ఇలాగే నడుపుతావా?" అని అడిగాడు.

"అప్పుడు ఇద్దరం వేస్తాం గడ. నేనో చివర, లోయిస్ ఓ చివర."

ఒడ్డు దగ్గరపడింది. ఆమె గడ నేలకి గట్టిగా ఆనించింది, ఆయన కాలు తడవకుండా దిగాడు.