కదలని ఆకుపచ్చ చుక్క

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. మా ఆవిడ అలాంటి వీడియోలు పెడితే గదిలోంచి లేచి వెళ్ళిపోతాను. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. కార్లలో ఉండే జీపీఎస్, సిగ్నల్ పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో టెస్ట్ చేయడం నా ఉద్యోగం. ఏదైనా వింతగా కనబడితే దానికో కారణం ఉంటుంది, కారణం దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదన్నమాట. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చెప్పేది అదే.

అలాంటి నాకే పోయిన ఫిబ్రవరిలో ఒకటి జరిగింది. ఎనిమిది నెలలుగా కారణం వెతుకుతూనే ఉన్నాను.

ముందు మురళి గురించి చెప్పాలి. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నా రూమ్మేట్. చుట్టరికం ఏమీ లేదు, ఊరికే 'బావా' అని పిలుచుకునేవాళ్ళం. ఇక్కడ కూడా రెండు వీధుల అవతలే ఇల్లు కొన్నాడు. వాడి భార్య పద్మ నన్ను అన్నయ్యా అంటుంది.

ఏటా ఫిబ్రవరిలో నేను, మురళి, కరీంనగర్ శీను, రవి, నలుగురం కార్లో ఉత్తరానికి వెళ్ళేవాళ్ళం. పెద్ద వంతెన దాటితే మా మిషిగన్ రాష్ట్రానికే ఉత్తర భాగం వస్తుంది, అక్కడ మంచు మోకాలి లోతు ఉంటుంది. ఒక క్యాబిన్ తీసుకుని, రెండు రోజులకి స్నోమొబైల్స్ అద్దెకి తీసుకునేవాళ్ళం. చూడడానికి మోటార్ సైకిల్‌లాగే ఉంటుంది, చక్రాలకి బదులు ముందు మంచు మీద జారే రెండు స్కీ పలకలు, వెనక రబ్బరు పట్టా. వాటికోసం అడవి మధ్యలోంచి ప్రత్యేకంగా దారులు వేసి ఉంటాయి. నలభై దాటిన నలుగురు మగాళ్ళం అక్కడికెళ్తే చిన్నపిల్లలమైపోయేవాళ్ళం.

నెత్తిన హెల్మెట్, కింద ఇంజన్ రొద. ఒకడి మాట ఒకడికి వినబడదు. అందుకని ఫోనే మాకు దిక్కు. ఒక యాప్ పెట్టుకున్నాం. మ్యాప్ మీద ఒక్కొక్కరం ఒక్కో చుక్కగా కనబడతాం, చిన్న చిన్న మెసేజ్‌లు పంపుకోవచ్చు. నేను ముందుంటాను కాబట్టి నా ఫోన్ హ్యాండిల్‌కి బిగించి ఉండేది. మిగతావాళ్ళవి కోటు లోపలి జేబులో. ఆ చలికి సగం ఛార్జింగ్ ఉన్న ఫోన్ కూడా ఉన్నట్టుండి ఆగిపోతుంది. అందుకని చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు ఫోన్ వెనక అంటించేవాణ్ణి. "దానికీ జలుబు చేసిందా బావా?" అని మురళి ఏడిపించేవాడు.

మాకో పద్ధతి ఉండేది. ముందు నేను, చివర మురళి. దారి ఎక్కడైనా రోడ్డుని దాటేచోట నేను ఆగాలి. వెనక ముగ్గురూ వచ్చేదాకా కదలకూడదు. మురళి దారిలో ఫొటోలు తీసుకుంటూనో, ఎవరో తెలియనివాళ్ళ బండి మంచులోంచి లాగుతూనో ఆగిపోయేవాడు. అప్పుడు వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చేది. గ్లోవ్స్‌తో టైప్ చేయలేం కాబట్టి ఒక్క నొక్కుతో పోయేలా ముందే రాసి పెట్టుకున్నాడు. "మీరు పదండి, నేనొస్తా." అది వస్తే మేం కదలొచ్చు.

ఇంకొక్క సంగతి. ఫోన్ పనిచేస్తున్నంతసేపూ మనిషి కదిలినా కదలకపోయినా చుక్క ఆకుపచ్చగా ఉంటుంది. బ్యాటరీ పోతే కొద్ది నిమిషాల్లో బూడిద రంగుకి తిరుగుతుంది. ఈ తేడా మా నలుగురిలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను.

ఇప్పుడు చెబుతున్నది అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి సంగతి. మధ్యాహ్నం రెండు కావస్తోంది. రోడ్డు దాటేచోట ఆగాను. శీను, రవి వచ్చారు. మురళి రాలేదు. మ్యాప్ మీద వాడి చుక్క మైలున్నర వెనక ఆగి ఉంది. ఏడెనిమిది నిమిషాలు వాడికోసం ఎదురుచూశాం. మెసేజ్ లేదు. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి, ఆకలికి కడుపు మండిపోతోంది. నాలుగు మైళ్ళ అవతల హోటల్లో ఇంకాసేపటికి వంటగది మూసేస్తారు.

"ఏమైందిరా, మురళిగాడు యాడున్నడు?" అన్నాడు శీను.

నేను ఫోన్ చూశాను. చుక్క ఆకుపచ్చగానే ఉంది. చూశాను. చూసి కూడా, "బ్యాటరీ పోయుంటుంది. వాడికి దారి తెలుసు, వచ్చేస్తాడు పదండి" అన్నాను.

వేడివేడి సూప్ తాగాం. ఫ్రైస్ తిన్నాం. నేను ఏదో జోక్ కూడా వేశాను. నలభై నిమిషాలైనా వాడు రాకపోయేసరికి వెనక్కి వెళ్ళాం.

బండి మీదే కూర్చుని, హ్యాండిల్ మీదకి వాలిపోయి ఉన్నాడు. ఇంజన్ ఇంకా ఆడుతూనే ఉంది. హెల్మెట్ తీసి పక్కన పెట్టుకున్నాడు. కుడిచేతి గ్లోవ్ కూడా తీసి ఉంది. గుండెపోటు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి చేయాల్సిందంతా చేశారు. వెంటనే పోయి ఉండొచ్చు, కాసేపు ఉండి పోయి ఉండొచ్చు, చెప్పలేమన్నారు. ముందే వచ్చి ఉంటే బతికేవాడా అని నేను అడగలేదు.

పద్మ ఒక్కటే అడిగింది. "మీకు తెలీలేదా అన్నయ్యా?" అని. "అక్కడ సిగ్నల్ లేదమ్మా, వాడి చుక్కే కనబడలేదు" అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ అబద్ధం. శీను, రవి నా మాట నమ్మి బ్యాటరీ అనుకున్నారు. ఆకుపచ్చ చుక్కని చూసింది నేనొక్కణ్ణే.

ఆ తర్వాత ఏడాది పొడుగునా పద్మ ఏ కొత్త పచ్చడి పెట్టినా మా ఇంటికి ఓ సీసా పంపేది. నాకు ముద్ద దిగేది కాదు. ఇవాళ చెప్పేద్దాం అని ఎన్నిసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళి కారు తిప్పుకొచ్చానో!

పోయిన ఫిబ్రవరిలో శీను వదల్లేదు. "ఒక్కపారి పోయొద్దాం రా. వాడు తిరిగిన జాగ" అన్నాడు. నాకు ఇష్టం లేదు, కానీ ఎందుకొద్దో చెప్పలేను కదా. వెళ్ళాం. యాప్‌లో మా గ్రూప్ అలాగే ఉంది. మురళి పేరు తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అదే క్రాసింగ్. ఎండ బాగా ఉంది. నా ఫోన్‌లో డెబ్భై ఒక్క శాతం ఛార్జింగ్ ఉంది. టైమ్ ఒంటిగంటా యాభై రెండు. శీను, రవి నా వెనక వచ్చి ఆగారు. అలవాటుగా మ్యాప్ చూశాను. మైలున్నర వెనక నాలుగో చుక్క ఉంది. ఆకుపచ్చగా.

చలికి కళ్ళు నీళ్ళు కారి అలా కనబడుతోందేమో అనుకున్నాను. గ్లోవ్ తీసి దాన్ని నొక్కాను. మురళి పేరు వచ్చింది. అంతలో స్క్రీన్ అడుగున మెసేజ్.

"మీరు పదండి, నేనొస్తా."

వెంటనే స్క్రీన్‌షాట్ తీశాను. వాళ్ళిద్దర్నీ ఫోన్లు చూడమన్నాను. వాళ్ళ ఫోన్లలో మా మూడు చుక్కలే ఉన్నాయి, మెసేజ్ ఏదీ రాలేదు. గ్రూప్‌లో పెట్టింది అందరికీ రావాలి. నా ఫోన్ చూసి శీను మంచులో అలాగే చతికిలబడి ఏడ్చేశాడు. రవి మాత్రం ఎవరి చేతిలోనో మురళి ఫోన్ ఉందన్నాడు. నాకూ అదే సబబుగా తోచింది.

వాళ్ళని అక్కడే ఉండమని నేను వెనక్కి వెళ్ళాను. ఆ చోట ఎవరూ లేరు. పక్కన మంచు మీద అడుగుజాడ కూడా లేదు. మ్యాప్‌లో నా చుక్క, వాడి చుక్క ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఇంజన్ ఆపేసి కూర్చున్నాను. "తప్పైపోయింది బావా" అని పైకే అన్నాను. ఏడ్చాను. పదండి అన్నాడు సరే, ఈసారి మాత్రం నేను కదల్లేదు. శీను వెతుక్కుంటూ వచ్చేసరికి ముప్పావుగంట అయిందట. అప్పటికి వాడి చుక్క లేదు.

క్యాబిన్‌కి వచ్చి స్క్రీన్‌షాట్ తెరిచాను. మెసేజ్ ఉంది, టైమ్ ఉంది. మ్యాప్ మీద మాత్రం మూడు చుక్కలే ఉన్నాయి.

ఇంటికొచ్చాక నా పద్ధతిలో నేను మొదలుపెట్టాను. పాత మెసేజ్ ఎక్కడో ఇరుక్కుని ఏడాది తర్వాత బయటపడిందా? అలాగైతే దాని మీద పాత తేదీ ఉండాలి. ఇది ఆ రోజుదే. యాప్ కంపెనీకి రాశాను. ఆ రోజు మా గ్రూప్‌లో ఏ మెసేజూ నమోదు కాలేదని జవాబిచ్చారు. ఇక మిగిలింది మురళి ఫోన్. అది పద్మ దగ్గరుంది.

ఆదివారం ఉదయం వెళ్ళాను. డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఫోన్ అడిగితే డ్రాయర్లోంచి తెచ్చిచ్చింది. బ్యాటరీ ఉబ్బిపోయి అద్దం పైకి లేచింది. ఆ నంబరు ఎప్పుడో వేసవిలోనే తీసేయించిందట. దాన్ని చేతిలో పట్టుకుని ఇక ఆగలేకపోయాను. మొత్తం చెప్పేశాను. సిగ్నల్ ఉందని, చుక్క చూశానని, చూసి కూడా వెళ్ళి భోంచేశానని.

పద్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నా మొహం చూడకుండా అంది.

"నాకు తెలుసు అన్నయ్యా. నేనూ చూశాను."

వెళ్ళినప్పుడల్లా ఇంట్లోంచి చూసుకునేందుకు మురళి ఆవిడకి ఒక లింక్ పంపేవాడట. దాంతో చూడడమే తప్ప రాయడం కుదరదు. పద్మ భయపడుతోందని తెలిస్తే నేను నవ్వుతానని, ఆ సంగతి నా దగ్గర వాడే దాచాడట.

"మీ మూడు చుక్కలూ ముందుకెళ్ళిపోయాయి. ఆయనది ఆగిపోయింది. బ్యాటరీ పోయిందనుకున్నా. పోపు మాడుతుంటే వంటింట్లోకి వెళ్ళిపోయా. ఒక్క ఫోన్ చేసుంటే... బ్యాటరీ పోతే రంగు మారుతుందని నాకప్పుడు తెలీదు. తర్వాత తెలిసింది." ఈసారి నా మొహం చూసి అడిగింది. "మీకు అప్పుడే తెలుసు కదా?"

"తెలుసమ్మా" అన్నాను.

లేచి వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుని తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. మురళి పంపిన లింక్ చూసుకునే యాప్, ఏడాదిగా తెరవలేదట. దాన్నించి ఒకే ఒక్క నోటిఫికేషన్. నేను మంచులో నిలబడ్డ రోజుదే, ఒంటిగంటా యాభై రెండుకి.

"మీరు పదండి, నేనొస్తా."

"ఎవరికైనా చెప్తే పిచ్చిదాన్నంటారని ఊరుకున్నా" అంది. అప్పుడు మా ఇద్దరికీ దుఃఖం ఆగలేదు.

శీనుకి రాలేదు, రవికి రాలేదు. చుక్క ఆగిపోవడం చూసి, చూసిన మాట దాచుకున్న ఇద్దరికే వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. దెయ్యాలున్నాయని నేను ఈరోజుకీ అనను. కారణం మాత్రం దొరకలేదు, ఇక దొరుకుతుందన్న నమ్మకం కూడా పోయింది.

మొన్న శీను ఫోన్ చేసి వచ్చే ఫిబ్రవరికి క్యాబిన్ బుక్ చేయనా అన్నాడు. చేయమన్నాను. ముందు రవిని ఉండమను, చివర నేనుంటానన్నాను.

పద్మకి నేనే లింక్ పంపుతానని చెప్పాను. ఎవరి చుక్క ఆగినా, ఏ రంగులో ఉన్నా, వెంటనే ఫోన్ చెయ్యమ్మా అన్నాను.

"చేస్తాను అన్నయ్యా" అంది.