మా నాయనమ్మ మంచం దిగని ఎండాకాలం

ఆ రోజుల్లో మా పల్నాటి వైపు ఆడపిల్ల నర్సు కావాలంటే మార్కుల సంగతి తరువాత, ముందు ఇంట్లో మగవాళ్ళ మొహం తిన్నగా ఉండాలి. మా నాన్న మొహం తిన్నగా ఉంచడానికి మేం పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నీరసం వస్తుంది. ఇన్నేళ్ళు వార్డుల్లో నిలబడి కాళ్ళు వాచాయి, నడుం వంగింది, రిటైరయ్యాక కూర్చుని లేవడానికి కూడా గోడ పట్టుకుంటున్నాను. అయినా నా ఉద్యోగం మొత్తంలో నన్ను బాగా అలిసిపోయేట్టు చేసిన రోగి ఎవరని అడిగితే, ఏ జబ్బూ లేని మా నాయనమ్మ పేరే చెబుతాను. అది నేనింకా నర్సు కాకముందు మాట.

నరసరావుపేటలో మా హైస్కూలును అప్పుడే మల్టీపర్పస్ చేశారు, అంటే చదువుతో పాటు ఏదో ఒక పని కూడా నేర్పే బడి. ఆడపిల్లలకు ప్రథమ చికిత్స, రోగి సేవ అని కొత్త పాఠం పెట్టి, అది చెప్పడానికి అంతకుముందు ఆసుపత్రిలో పనిచేసిన ఒక క్రైస్తవుల టీచరమ్మను వేశారు. ఆమె వేళ్ళకు ఎప్పుడూ మందు మరకలుండేవి కాబట్టి అయోడిన్ టీచరమ్మ అనేవాళ్ళం (ఆమె వెనకాల. ముందర అంటే చెవి మెలేసేది). ఈ పాఠంలో బాగా చేసినవాళ్ళను గుంటూరులో నర్సు ట్రైనింగుకు తానే వెంటబెట్టుకెళ్ళి మాట్లాడతానని ఆమె చెప్పిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ఎట్లాగైనా వెళ్ళాలి. వెళ్ళకపోతే నా బతుకు అక్కడితో సరి. ఎందుకంటే నాన్న పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి లారీ తోలేవాడు, ఆ ఏడాదితో నన్ను బడి మాన్పించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాలని నిర్ణయం చేసుకున్నాడు. ట్రైనింగు మాట ఎత్తితే, "పరాయి మొగాళ్ళ చీమూ నెత్తురూ కడిగే పని మనకెందుకే? తిండి లేక చస్తన్నామా?" అని ఒక్క కేక వేసేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నా తరఫున మాట్లాడాలంటే నాయనమ్మే మాట్లాడాలి, ఆమెకేమో ఇంట్లో ఉండే తీరిక లేదు.

నిజంగానే తీరిక లేదు. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా చూసి పలకరించి రావడం ఆమె నౌకరీ. కాలు బెణికినవాళ్ళ దగ్గర నుంచి కడుపు కోసినవాళ్ళ దాకా అందరి మంచాల పక్కనా కూర్చుని, "ఎట్టా జరిగిందమ్మా?" అని మొదటి నుంచి చెప్పించుకుని, కళ్ళొత్తుకుని వచ్చేది. పొద్దున కొప్పు ముడేసుకుని బయటపడితే మధ్యాహ్నం అన్నం వేళకే దర్శనం. తనకు మాత్రం జన్మలో ఒక్క తలనొప్పి కూడా వచ్చి ఎరగదు. ఆ లోటు ఆమెకు లోపల ఎంత ఉండేదో నాకు తెలియలేదు.

ప్రాక్టికల్ పరీక్షకు ఎవరి రోగిని వాళ్ళే తెచ్చుకోవాలని టీచరమ్మ రూలు పెట్టింది. ఇంట్లో ఎవరి మీద అలవాటు చేసుకున్నామో వాళ్ళనే తీసుకురావాలట. బడిలో ఉన్న కట్టు గుడ్డలూ చెక్క బద్దలూ వంతులవారీగా ఇళ్ళకిచ్చేది. నా వంతు వచ్చిన రోజు నాయనమ్మను బతిమాలి వసారాలో నులక మంచం మీద పడుకోబెట్టాను. తలకు కట్టు, మోచేతికి కట్టు వేసి చేతిని మెడకు వేలాడదీశాను, కాలికి బద్దలు పెట్టి తొడ దాకా చుట్టాను. చుట్టడం అయ్యేసరికి నాకు ముచ్చటేసింది, చాలా బాగా కుదిరింది. సరిగ్గా అప్పుడే పాలు పోసే పిన్ని వచ్చి గుమ్మంలో చెంబు జారవిడిచింది.

"వామ్మో, పెద్దమ్మో! ఏందే ఇది? ఎప్పుడు జరిగిందే?"

ఏమీ కాలేదు పిన్నీ, బడి పాఠం అని నేను చెబుతూనే ఉన్నాను, ఆమె వీధి చివరకు వెళ్ళిపోయింది. పాలు పోసే మనిషి కదా, సాయంత్రానికి పేటలో ఆమె గడప తొక్కని ఇల్లు లేదు. మర్నాటికి బొల్లాపల్లి నుంచి మా మేనత్త, "అమ్మా, నన్ను అన్నాయం చేసి పోతన్నావా" అని వీధి మొదటి నుంచే ఏడుస్తూ దిగింది. ఆమె వెనక బండి నిండా చుట్టాలు. నేను పరుగెత్తి కట్టు విప్పబోయాను. నాయనమ్మ బాగున్న చేత్తో నా రెక్క పట్టుకుని చెవిలో అన్నది:

"ముట్టుకోమాక. అంత దూరం నించి ఎండన పడొస్తే ఏం కాలేదని చెప్పమంటావా? వాళ్ళ మొహాలు ఏం గానూ?"

ఆ తరువాత మంచం మీద నుంచి ఒక మూలుగు వినిపించింది. ఇన్నేళ్ళు అందరి మూలుగులూ దగ్గర కూర్చుని విన్న మనిషి కదా, తేడా రానిస్తుందా? ఎట్లా జరిగిందని అడిగినవాళ్ళకు పెయ్య తోసిందని చెప్పింది. తరువాత వచ్చినవాళ్ళకు గేదె తోసింది. ఆదివారానికి అది కోటప్పకొండ దారిలో దున్నపోతు అయింది. అప్పట్లో బ్రెడ్డు అంటే మా వైపు జబ్బుపడ్డవాళ్ళ తిండి. వచ్చినవాళ్ళల్లా బ్రెడ్డూ బత్తాయిలూ తెస్తుంటే, ఈమె పాలల్లో ముంచుకుని పెద్ద కష్టంగా మింగేది. నేను మజ్జిగ కలిపి, నీళ్ళు తోడి, చాపలు పరిచి, ఎత్తి, మళ్ళీ పరిచి, మనిషినై ఉన్నానో లేదో తెలియకుండా తిరిగాను. నిజం చెబుదామంటే వినేవాళ్ళు లేరు. "పాపం, పిల్ల దిగులుపడి ఏదో మాట్లాడతంది" అని నా తల నిమిరేవాళ్ళు.

ఈ కబురు పిడుగురాళ్ల చేరేసరికి మా నాయనమ్మకు మాట పడిపోయిందట. నాన్న సున్నం దుమ్ముతో తెల్లగా అట్లాగే లారీ దిగి, "అమ్మా!" అని గుండెలు బాదుకుంటూ వచ్చాడు. ఆయన ఏడుపు చూసి నాకు భయమేసి, పెరట్లోకి లాగి ఉన్నదంతా చెప్పేశాను. నాన్న మొహం ఎర్రబడింది.

"చదువూ వద్దు, నీ కట్లూ వద్దు. రేపటి నించి బడి గడప తొక్కావో, కాళ్ళిరగ్గొడతా. అప్పుడు నిజంగా కట్టుకుందువు గాని!"

నా పని అయిపోయిందనుకున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకుని చతికిలబడ్డాను. నాయనమ్మ చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. "ఒరే అయ్యా, ఇటు రారా" అని నీరసంగా పిలిచింది. వసారా నిండా చుట్టాలు లేచి దారిచ్చారు.

"నేనింక ఎన్నాళ్ళుంటానో ఏందో. నాకొక్కటే కోరికరా. ఈ పిల్లని నర్సు చదువుకి పంపిస్తానని నా చేతిలో చెయ్యెయ్యి."

నాన్న నోరు తెరిచాడు. అంతా నాటకమని చెప్పాలి. చెబితే, ఎండన పడి బళ్ళు కట్టుకుని వచ్చిన అంతమంది నెత్తిన చెప్పుతో కొట్టినట్టే, ఇక మా గడప తొక్కేవాళ్ళుండరు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. మేనత్త ముక్కు చీదుకుంటూ గదమాయించింది: "చూస్తావేందిరా? మంచాన పడ్డ మనిషి అడిగితే కాదంటావా? చెయ్యెయ్యి!"

నాన్న పళ్ళు నూరుతూ చెయ్యేశాడు. "చానా సంతోషంరా" అని నాయనమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పెదవి కొసన నవ్వు నాకూ నాన్నకూ తప్ప ఎవరికీ కనబడలేదు.

పరీక్షకు ఆమెను రిక్షాలో తీసుకెళ్ళాం. గది తలుపులు వేసి పెట్టారు కాబట్టి గుట్టు దాగింది. పరీక్ష పెట్టడానికి వచ్చి నొప్పి ఎక్కడని అడిగిన డాక్టరు గారికి కూడా ఈమె దున్నపోతు కథ మొదలుపెట్టబోతే టీచరమ్మ నోటికి థర్మామీటరు అడ్డం పెట్టింది. నేను పాసయ్యాను.

కానీ చిక్కు అక్కడే వచ్చింది. నాయనమ్మ లేచి తిరిగితే నాన్న చేసిన ఒట్టు గాలికి పోతుంది, "బాగైందిగా, ఇంకేంది" అంటాడు. అందుకని ఆ ఎండాకాలమంతా, నేను గుంటూరు వెళ్ళే రోజు దాకా, ఆమె వసారాలో మంచం దిగలేదు. వీధిలో ఎవరికో పురుడంటే మెడ చాచి చూసేది, ఎవరికో జ్వరమంటే, "ఎట్టా ఉందో ఏందో, పోయి చూడకపోతిని" అని మంచం పట్టె మీద గోళ్ళతో గీకేది. నన్నేమో చెంబుకూ విసనకర్రకూ పిలిచి ప్రాణం తీసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

బస్సు ఎక్కే రోజున కూడా మంచం మీదే కూర్చుని చెయ్యి ఊపింది. మా మేనత్త చాలా ఏళ్ళకు చెప్పింది: నా బస్సు మలుపు తిరిగిందని తెలియగానే లేచి, కొప్పు ముడేసుకుని, వీధిలో మొదటి ఇంటికి పలకరింపుకు వెళ్ళిందట. కాళ్ళు బిగుసుకుపోయి గోడ పట్టుకుని నడిచిందట. అది విన్న రోజున స్టాఫ్ గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల గుంటూరు దాకా ఏమనుకుందో నాకు బాగా గుర్తు. అమ్మయ్య, ఈ ముసలమ్మ చాకిరీ ఇవ్వాళ్టితో వదిలింది, ఇక నాకు హాయి అనుకుంది. తెల్లారి ఆ పిల్లకు అప్పగించింది మంచం దిగలేని ముసలమ్మల వార్డు. పిచ్చి మొహం.