అత్తగారి నోటికి తాళం

లిఫ్టులను నడిపే ప్రోగ్రాములు రాసే ఆ ఆఫీసులో ఒకతన్ని అందరూ అల్లుడుగారు అంటారు. సి అనే కంప్యూటర్ భాషలో రాసిన కోడ్‌ని నడపకుండానే, ఊరికే చదివి తప్పులెన్నే టూల్ ఒకటి అతని అజమాయిషీలో ఉంది. కూర నోట పెట్టకుండానే ఉప్పెక్కువైందని తేల్చే ఆ టూల్‌కి తోటివాళ్లు అత్తగారని పేరు పెట్టారు. ఆవిడ మాట చెవిన పెట్టేవాడు ఇతనొక్కడే కనుక వరస కలిసిపోయింది.

మిగతావాళ్లది నాగరికమైన పద్ధతి. అత్తగారు సణిగిన ప్రతి లైను పైనా "చూశాం, ప్రమాదం లేదు" అని కామెంటు అతికిస్తారు. అది కనిపించిన చోట ఆవిడ నోరు మూసుకుంటుంది. నిజంగా చూశారా అని అడగకూడదు. చూశామని రాశారు కదా. హెచ్చరికలు సున్నాకి దిగినందుకు మేనేజరుకి పైనుంచి అభినందనలు కూడా అందాయి.

కొత్త ప్రోగ్రాం విడుదలకి అల్లుడుగారి సంతకం కావలసివచ్చింది. అతను వీరుడేమీ కాడు. రేపు ఎవరి కాలైనా విరిగితే కాగితం మీద ఉండేది తన పేరేనని భయం. ఆ భయంతోనే కామెంట్లన్నీ పీకేసి అత్తగారిని మాట్లాడనిచ్చాడు. చాలావరకు చాదస్తమే. ఒక్కటి మాత్రం కాదు. ఎనిమిది అంతస్తులకి మెమరీలో ఎనిమిది గడులు కేటాయించి, సెల్లార్‌ని మరిచిపోయారు. సెల్లార్ బటన్ నొక్కితే లేని తొమ్మిదో గడిలో రాత పడుతుంది. ఆ చోట ఉన్నది, తలుపు మూసుకుందో లేదో చెప్పే గుర్తు.

"అంటే తలుపు తెరిచుండగానే లిఫ్టు కదలొచ్చు సార్" అన్నాడు మేనేజరుతో.

"టెస్టింగులో కదిలిందా?"

"లేదు సార్. టెస్టింగులో సెల్లారే పెట్టలేదు."

"లేని సెల్లార్ గోల నీకెందుకయ్యా? సంతకం పెడతావా, ఇంకో ఉద్యోగం చూసుకుంటావా?"

"పెడతాను. ముందు దీన్ని మన ఆఫీసు లిఫ్టుకి ఎక్కిద్దాం సార్. మనకి సెల్లార్ ఉందిగా, మీ కారు అక్కడేగా."

ప్రోగ్రాం నిక్షేపంలా ఉందని మేనేజరు అప్పటికే పైవాళ్లకి చెప్పేశాడు. కాదనడానికి మొహం చెల్లలేదు. ఎక్కించారు. అందరూ లిఫ్టు ముందు చేరారు. మర్యాదలు పొంగిపొర్లాయి.

"మీరు పెద్దవారు, మీరు ముందు ఎక్కండి సార్."

"నన్ను మెట్లు దిగమన్నాడయ్యా డాక్టరు. రాసింది నువ్వేగా, నువ్వెక్కు."

"నేను తలుపు భాగం రాయలేదండీ."

చివరికి మేనేజరు గొంతు తగ్గించి, "ఆ గడేదో పెంచి తగలడండి" అన్నాడు.

ఎనిమిదిని తొమ్మిది చేశారు. అల్లుడుగారు మళ్లీ అత్తగారికి చూపించి, సంతకం పెట్టి, లిఫ్టెక్కి సెల్లార్ నొక్కాడు. తలుపు మూసుకున్నాకే లిఫ్టు కదిలింది. మిగతావాళ్లు మాత్రం మెట్లమీదే దిగారు. ఆ కోడ్ రాసిందెవరో వాళ్లకి తెలుసు.