ఎండిన తొట్టి

తొంభైల చివర్లో మా వెనక వసారాలో నడుమెత్తు కర్ర తొట్టి ఒకటి ఉండేది. గుడివాడకీ బందరుకీ మధ్య మా పల్లెలో అలాంటిది ఇంకెవరింట్లోనూ లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇందులో ఆవకాయ పెడతారా అండీ?" అని అడిగేవారు. "మా ఆయన్ని పెడతాను" అనేదాన్ని. నిజమే మరి.

కీళ్ళవాతం మా ఆయన్ని నలభై ఐదేళ్ళకే మంచానికి కట్టేసింది. గుడివాడలో ఒక ప్రకృతి వైద్యశాలలో నలభై రోజులున్నాం. అక్కడ వేడినీళ్ళ కర్ర తొట్టిలో కూర్చోబెడితే మూడోవారానికి మోకాళ్ళు కాస్త వంగాయి. ఇంటికొచ్చి సిమెంటు తొట్టి కట్టిస్తే నీళ్ళు చూస్తుండగానే చల్లారిపోయాయి. ఇలా కాదని దివిసీమ వెళ్ళి, పడవలు చేసే వడ్రంగిని వెంటపెట్టుకొచ్చాను. అతను టేకు పలకలు గుండ్రంగా నిలబెట్టి, చుట్టూ ఇనప పట్టీలు బిగించాడు.

"పడవకైతే సందుల్లో దూదీ గుగ్గిలం కూరతామమ్మా. వేడినీళ్ళకి గుగ్గిలం కరిగిపోద్ది. దీనికి నీళ్ళే గుగ్గిలం, నానితే పలకలు ఉబ్బి కలిసిపోతాయి. ఎండనిచ్చారంటే విచ్చుకుంటది" అని చెప్పి మరీ వెళ్ళాడు.

రోజూ పొద్దున్నే సగం నీళ్ళు తోడేసి, వావిలాకు వేసి కాచిన మరుగునీళ్ళు రెండు కాగులు పోసేదాన్ని. వారానికోసారి కొబ్బరిపీచుతో లోపలి జిగురు తోమేదాన్ని. పడవలకి పూసినట్టే బయట చేపనూనె పూయాలన్నాడు. పూశాను. ఊళ్ళో పిల్లులన్నీ మా వసారాలోనే కాపురం పెట్టాయి. ఇంత చాకిరీ మా అత్తగారికి కూడా చెయ్యలేదని సణిగేదాన్ని. అయినా ఒక్కరోజు మానలేదు. ఎందుకంటే ఆయన కోరిక పెద్దదేం కాదు. ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా దొడ్లోకి వెళ్ళి రావాలి, అంతే. రెండు నెలలకి అదీ జరిగింది. కర్ర పట్టుకుని ఒక్కరే వెళ్ళొచ్చి, మంచం మీద కూర్చుని ఏడ్చారు. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

ఆ ఏడు వేసవిలో పామిడిముక్కలలో ఆయన పెదనాన్నగారబ్బాయి పోయాడని కబురొచ్చింది. పదిరోజుల మైల. కబురు వినగానే ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబొయ్యడం, పెద్దకర్మ అయ్యేదాకా మళ్ళీ నిలవ పెట్టకపోవడం మా అత్తగారి పద్ధతి. ఆవిడ పోయినా ఆ పద్ధతి నా చేతుల్లో ఉండిపోయింది. బిందెలు, కుండలు, కాగు అన్నీ వంచేసి తొట్టి దగ్గరికొచ్చాను.

"మందు కోసం పెట్టుకున్నది కదా, దాన్ని వదిలెయ్యి" అన్నారాయన మంచం మీంచి.

"మందైతే మాత్రం మైల అంటదా? పది రోజులకి కొంప మునగదులెండి" అని అడుగున ఉన్న బిరడా పీకేశాను.

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళే పగిలే ఎండల్లో టేకు పలకలెంత? పదకొండోరోజున తలంటుకుని, మొదటి కాగు నీళ్ళు పోశాను. తడికలోంచి కారినట్టు నాలుగు పక్కలా కారిపోయాయి. పట్టీ ఒకటి జారి నా పాదాల మీద పడింది. ఆ దెబ్బ అప్పుడు తెలియనే లేదు.

కాలవలకి నీళ్ళు కట్టేసి అప్పటికి నెల దాటింది. బోరింగులో వచ్చేవి ఉప్పునీళ్ళు, అవీ చెంబుడు చెంబుడు. తొట్టిని పదిహేను రోజులు ఊరి చెరువులో ముంచనివ్వమని ప్రెసిడెంటు గారి గుమ్మంలో నిలబడి బతిమాలాను. "చేపనూనె పూసినదాన్ని తాగేనీళ్ళలో ముంచుతానంటావేంటమ్మా?" అన్నారాయన. వెనక్కి వచ్చేశాను. వడ్రంగికి కబురు పెడితే వచ్చి చూశాడు. "ఎవరమ్మా ఎండబెట్టింది?" అన్నాడు. నేనేనన్నాను. తల దించుకుని, పట్టీలు మళ్ళీ బిగించి, గోనెసంచులు చుట్టి తడి ఆరనివ్వద్దని చెప్పాడు.

ఇక నాకు అదే లోకమైంది. పొద్దున్నుంచి బోరింగు కొట్టడం, గోనెలు తడపడం. అరగంటకి ఎండ పీల్చేసేది, మళ్ళీ తడపడం. అరచేతులు బొబ్బలెక్కాయి. మొక్కని దేవుడు లేడు. వేడినీళ్ళ గుడ్డలతో ఆయన మోకాళ్ళకి కాపడం పెట్టేదాన్ని గానీ, రోజురోజుకీ అవి బిగుసుకుపోవడం నా చేతికే తెలిసేది. ఒక మధ్యాహ్నం లోపలికి వెళ్ళేసరికి ఆయన మంచమ్మీదే అంతా పాడుచేసుకుని, గోడవైపు తిరిగి ఉన్నారు.

"నన్ను పిలవచ్చు కదా!" అని అరిచాను.

"పిలిచాను. గోనెలు తడుపుతున్నావు, నీకు వినపడలేదు."

ఆ రోజు ఆయన ఒళ్ళు కడుగుతూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు పగవాళ్ళని కూడా తిట్టను. ఆయన కూడా తిట్టి ఉంటే బాగుండేది.

కాలవలకి నీళ్ళు వదిలిన రోజే మా పాలేరూ నేనూ తొట్టిని దొర్లించుకెళ్ళి, రేవులో ముంచి, మోకుతో కట్టాం. పదిహేను రోజులకి పలకలు కలిసిపోయి, చుక్క కారడం మానేసింది. ఇద్దరం కలిసి ఆయన్ని ఎత్తి మళ్ళీ అందులో కూర్చోబెట్టాం. నొప్పి తగ్గేది. మోకాళ్ళు మాత్రం వంగలేదు. మళ్ళీ ఎప్పుడూ ఒక్కరే దొడ్లోకి వెళ్ళలేదు. ఆరేళ్ళు నా చెయ్యి పట్టుకునే వెళ్ళారు, తర్వాత అదీ లేదు.

ఆయన పోయిన రోజున మా ఆడపడుచు ఇంట్లో నీళ్ళన్నీ పారబోసి, వసారాలో తొట్టి దగ్గరికి వెళ్ళి బిరడా మీద చెయ్యి వేసింది. అప్పటిదాకా ఎవరు కదిపినా కదలనిదాన్ని, లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఇంక ఎవరికోసం వదినా ఇది?" అందావిడ.

"మందు కోసం పెట్టుకున్నది కదా, దాన్ని వదిలెయ్యి" అన్నాను.