ఆఫీసు చెవుడు

అత్తగారికి చెవుడు. కాకపోతే అది ప్రభుత్వ కార్యాలయం గడప తొక్కగానే వచ్చి, గడప దిగగానే పోయే రకం. ఇంట్లో ఆవిడవి పాము చెవులు. వంటింట్లో కోడలు విసుక్కుంటే ముందుగదిలోంచే, "నా మీద కోపం గిన్నెల మీద చూపించకమ్మా, సొట్టలు పడతాయి" అనేవారు.

ఈ జబ్బు సంగతి కోడలికి తెలిసింది ఎదురింటి కుట్టుపని ఆవిడ వల్ల. పాపం, భర్త మరణ ధ్రువపత్రం కోసం ఏడు నెలలుగా ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతోంది. "నేనొస్తా పద" అంటూ అత్తగారు కోడల్ని కూడా వెంటబెట్టుకుని బయలుదేరారు.

మూడో కిటికీ గుమాస్తా కాగితాలు తిరగేసి, ముందుకు వంగి, పెదవి కదిలీ కదలకుండా అన్నాడు.

"టీ ఖర్చులు చూడాలి కదండీ."

"ఏంటి నాయనా?"

"టీ ఖర్చులు..."

"అయ్యయ్యో! ఈ అబ్బాయి పొద్దుట్నుంచీ టీ తాగలేదట!"

వరసలో ఉన్నవాళ్లందరి తలలూ ఇటు తిరిగాయి.

"నాక్కాదండీ, పైవాళ్లకి..."

"పైవాడికా? దేవుడు టీ తాగుతాడా నాయనా?"

వరసంతా గొల్లుమంది. గుమాస్తా ముద్ర వేసేశాడు. కోడలికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆనాటి నుంచి వీధిలో ఎవరికి పని పడినా అత్తగారిని అరువు తీసుకెళ్లడం మొదలైంది. ఆవిడ కనిపిస్తే చాలు, గుమాస్తా చెయ్యి ముద్ర మీదకి పోయేది. రెండేళ్లకి ఆ కిటికీ పక్కన రుసుముల పట్టిక కూడా వేలాడింది.

"మొత్తానికి ఆఫీసు మారింది అత్తయ్యా!"

"మూడో కిటికీ మారింది. నాలుగో కిటికీ వాడు నన్ను చూసి, పదింటికే భోజనానికి పోతున్నాడు."

ఒక ఆదివారం ఆ మూడో కిటికీ గుమాస్తాయే గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మగారూ, మా అమ్మకి బాగాలేదు. ఆవిడ ఉన్న ఊరికి బదిలీ అడిగాను. పెద్దాఫీసులో నన్నే టీ ఖర్చులు అడుగుతున్నారు."

కోడలు అత్తగారిని లోపలికి లాక్కెళ్లింది. "ఎంతమందిని తిప్పాడు! తిరగనివ్వండి, తెలిసొస్తుంది."

"తెలిసొచ్చింది కాబట్టే మన గుమ్మం ఎక్కాడు. ఆరోజే నేను ఫిర్యాదు రాసి పడేస్తే వీడి ఉద్యోగం ఊడేది. పైవాళ్లు ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకునేవాళ్లు. అందుకే నలుగుర్నీ నవ్వించి వదిలేశా."

మర్నాడు కోడలు కూడా వాళ్లతో వెళ్లింది.

పెద్దాఫీసు నాలుగో అంతస్తులో ఉంది. మెట్లెక్కేసరికి అత్తగారికి ఆయాసం ముంచుకొచ్చి నోట మాట రాలేదు. అధికారి ఇటూ అటూ చూసి, ముందుకు వంగి ఏదో గొణిగాడు. గుమాస్తా బిక్కమొహం వేశాడు.

కోడలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, హాలంతా మోగేలా అడిగింది.

"ఏంటండీ? కాస్త గట్టిగా చెప్పండి!"

అత్తగారు గోడకి ఆనుకుని, ఆ ఆయాసంలోనే కిసుక్కున నవ్వారు.

నాలుగు రోజుల్లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. మూడో కిటికీలో కుర్చీ అప్పగిస్తూ గుమాస్తా కొత్తగా వచ్చినవాడికి ఒకే ఒక్క సలహా ఇచ్చాడట.

"ఇక్కడ ఏం అడిగినా పైకే అడుగు బాబూ. ఈ ఊళ్లో చెవుడు ఎక్కువ."