ఏసేపు కడిగిన సీసాలు

ఏసేపు తాగి వచ్చి కాలేజీ ల్యాబులో సీసాలు పగలగొట్టాడనీ, అందుకే గేటు దగ్గర కూర్చోబెట్టారనీ మా వీధిలో చెప్పుకుంటున్నారు. అబద్ధం. వాడు తాగడు. ఒక్క సీసా కూడా పగలలేదు.

వాడిది కోసిగి. ఏటా అమ్మానాన్నల వెంట మిరపకోతలకు గుంటూరు పోయి పోయి, చదువు ఏడో తరగతిలో ఆగింది. కర్నూలొచ్చి, మా వీధిలోనే ఉంటూ, ఆ ల్యాబులో కాంట్రాక్టు మీద పన్నెండేళ్లు చేశాడు. సూక్ష్మక్రిములకు మేత కాచి పోసేది వాడే, సీసాలు కడిగేది వాడే. ఈ ఏడు పర్మినెంటు చేస్తామన్నారని ఇంటింటికీ చెప్పుకున్నాడు.

మా మేడమీద అద్దెకుండే శివజ్యోతి అక్కడే ఒక సూక్ష్మక్రిమి మీద పరిశోధన చేస్తోంది. సంగతి తెలియకపోతే నాకు అన్నం దిగదు. మెట్ల మీదే ఆపాను.

"ఆ క్రిమి కడుపులో ఏముంటాదని ఇన్నేండ్లు చూస్తాండావు పాపా?"

"ఏ పని చేయాల్నో చెప్పే చీటీలుంటాయవ్వా, ఆర్ఎన్ఏ అంటారు. పని అయిపోతే వాటిని తుంచే మిషనుంటాది. కత్తిరించేదొకటి, మెలికలు విప్పేదొకటి, నమిలేదొకటి, అన్నీ జట్టుగా లోపలి గోడకు అతుక్కొని ఉంటాయి. చీటీ పుట్టేది నడుమ. కత్తెర కూడా ఆడే ఉంటే పుడతాండగానే ముక్కలైపోతాది."

"నా వంటింటికన్నా మేలుగా సర్దుకునిందే! మరి ఏసేపు ఏం చేసినాడు?"

ఆ పిల్ల మొహం మాడింది. మన చేతి చెమటలోనూ అలాంటి కత్తెర ఉంటుందట. ఉడకబెట్టినా చావదట. మూడు నెలలు కష్టపడి తీసిన చీటీలన్నీ, ఏసేపు కడిగిన సీసాల్లో పోస్తే, ఒక్క పూటలో పొడి అయిపోయాయట. పెద్దసారు ఏసేపు చేతులదే తప్పని గేటుకు పంపాడు. పర్మినెంటు మాట మళ్లీ ఎత్తలేదు.

"నీ చేతులకు చెమట పట్టదా?"

"మేం గ్లవ్స్ వేసుకుంటాం గదవ్వా."

"వానికి?"

"చదువుకునేవాళ్లకే ఇస్తారు."

"ఆ మాట మీ సారుకు చెప్పినావా?"

"నా పట్టా ఆయన చేతిలో ఉండాదవ్వా."

ఇక ఆ పిల్లతో పనేముంది? నేరుగా గేటు దగ్గరికే పోయాను. ఎండలో స్టూలు మీద కూర్చుని, వచ్చే బండ్ల నంబర్లు రాస్తున్నాడు.

"ఏమప్పా ఏసేపూ, నిజం చెప్పు. ఆ సీసాల్ని వట్టి చేతుల్తో ముట్టినావా, లేదా?"

పెన్ను పక్కన పెట్టాడు.

"ముట్టినా పెద్దమ్మా. కడగమని ఇచ్చినారు. చేతుల్తో కాకుంటే దేంతో కడిగేది?"