వేపాకు కట్టిన వీధి

మా అత్త తంగమ్మ ఇరవై ఏళ్లు తట్టలు మోసింది. తమిళనాడులో మా గుడియాత్తం చుట్టుపక్కల లేచిన మిద్దెల్లో సగానికి సిమెంటు ఆమె నెత్తిమీదే ఎక్కింది. నోటి దగ్గర మాత్రం ఎవరికీ తగ్గలేదు. ఆ నోటితో నేను పడ్డ తిప్పలు నాకే తెలుసు. అయినా తొంభై మూడులో కలరా వచ్చినప్పుడు ఆమె చేసిన పని చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు.

మా వీధిలో అందరూ కట్టడం పనివాళ్లే, అన్నీ తెలుగు ఇళ్లే. వారంలో తొమ్మిది మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ముసలాయన పోయాడు. మరునాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ జానకిరామన్ వీధి మొదట్లో సరుగుడు కర్రలు అడ్డం కట్టించి పోలీసును నిలబెట్టాడు. పది రోజులు ఎవరూ బయటికి పోకూడదు. మా మగవాళ్లు ఊరుకుంటారా? తెల్లారకముందే వెనక గోడ ఎక్కి దిగి, పేర్ణాంబట్టు బస్సెక్కి పనికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు. అది తెలిసి జానకిరామన్‌కు ఒళ్లు మండింది. జబ్బుపడ్డవాళ్లను ఊరి బయట షెడ్డులో పెడతామన్నాడు. తోడు ఎవరినీ రానివ్వరట. పక్కింటి మంగమ్మ పిల్లలిద్దరూ మంచంలో ఉన్నారు. చిన్నదానికి మూడేళ్లు. ఆ తల్లి పిల్లలమీద పడి ఏడుస్తుంటే చూడలేకపోయాము.

మా అత్త ఏడవలేదు. తిన్నగా పోయి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడింది.

“పోలీసును పంపించేయండి సార్. మా ఇండ్లలో అమ్మవారు పోసినప్పుడు ఎవురు కాపలా కాసినారు? గడపకు వేపాకు కడతాము. దాటేవాడు ఉండడు.”

జానకిరామన్ చాలాసేపు నసిగి, చివరికి సరేనన్నాడు. పిల్లలు ఇంట్లోనే ఉండొచ్చు, వేలూరు నుంచి నర్సు రోజూ వస్తుంది. ఒక్కరు వీధి దాటినా జబ్బువాళ్లందరినీ షెడ్డుకు తీసుకుపోతానన్నాడు.

ఇక మా పెద్దవాళ్లు మొదలుపెట్టారు. ఒంటిమీద అమ్మవారు లేకుండా ఆకు కడితే తల్లికి కోపమొస్తుందట. కోపమొస్తే నన్నే అడగమనండి అని, అత్త మొదటి మండ మా గడపకే కట్టింది. ఆకు కట్టిన గడప దాటడమంటే మావాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. పోలీసును లెక్కచేయని మగాళ్లు నోరుమూసుకుని ఇంట్లో కూర్చున్నారు. అత్త ఒక్కతే నర్సు వెంట తిరిగి, నీళ్లు కాచని ప్రతి ఇంటి వాకిట్లోనూ నిలబడి తిట్టింది.

ఆరో రోజు ఆర్కాడు నుంచి కబురొచ్చింది. మా నాన్నకు ఊపిరి ఆడటం లేదు, నన్నే పిలుస్తున్నాడు. సంచిలో ఒక చీర కుక్కుకుని బయలుదేరాను. నాకు జబ్బు లేదు, నన్ను ఆపే హక్కు ఎవరికుంది? అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. లేచి దారి ఇచ్చింది.

“పోవద్దని నేను అనను సుగన్యా. నీ నాయన. నువ్వు పోతే మంగమ్మ పిల్లోళ్లను ఎత్తుకపోతారు. అదొక్కటి తెలుసుకోని పో.”

గడపమీద కాలు పెట్టాను. పక్కింట్లో చిన్నది నీళ్లడుగుతోంది. సంచి కింద పెట్టేశాను. మరునాడు మధ్యాహ్నం మా నాన్న పోయాడు.

పదో రోజుకు పిల్లలిద్దరూ లేచి గంజి తాగారు. ఊరంతా మా అత్తను పొగిడింది. నేను ఏడాదిపాటు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ రోజు నా చెయ్యి పట్టి ఆపి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆమె ఆపలేదు. ఆగింది నేనే. నాన్న మొహం చూడలేదని ఇప్పటికీ ఏడుపొస్తుంది, అయినా ఇంకోసారి ఆ గడపమీద నిలబెట్టినా ఆగుతాను.